మేకల కోసం కొట్లాట

మేకల సార్ పోయారన్న కబురు తెలిసేసరికి నేను రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్లు దిగుతున్నాను. పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన ఫోటో పెట్టారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. నా ముందు ఇద్దరు కుర్రాళ్ళు, ఒకరికొకరు ఏమీ కానివాళ్ళే, ఒకేసారి ఆవలించారు. "కలిసిండ్రు" అన్నాను పైకే. ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు, అదీ ఒకేసారే. ఆ మాట నాది కాదు, మా తెనాలి వైపు అలా అనరు. ఆయనతో మాటలు మానేసి పదేళ్ళు దాటింది. ఆయన మాట మాత్రం నా నోట్లో అద్దె కట్టకుండా కాపురం ఉంటోంది.

ఆయన అసలు పేరు ఆ బిల్డింగులో ఎవరూ పలకలేదు కాబట్టి నేనూ చెప్పను. కొండాపూర్‌లో అద్దాల బిల్డింగు, మూడో అంతస్తు. పైనా కిందా అన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలే. మాదీ సాఫ్ట్‌వేర్ కంపెనీయే, కాకపోతే మా దగ్గర రెండు మేకపోతులు ఉండేవి. రెండు జంతువులు ఒకచోట కలిసి మసలుకునేటప్పుడు వాటి మెదళ్ళు ఒకే తాళంలో నడుస్తాయా అని విదేశంలో ఎవరికో అనుమానం వచ్చింది. దాన్ని తీర్చే కాంట్రాక్టు మా నెత్తిన పడింది. కొలిచే ప్రోగ్రాం రాయడం నా పని, కొలిపించుకోవడం మేకల పని, మధ్యలో నిలబడి అందరినీ తిట్టడం సార్ పని. ఇలాంటి వాటికి ఎలుకలైతే సులువు, బోనులో పడి ఉంటాయి. కానీ సార్‌కి ఎలుకలంటే భయం. పశువైద్యంలో డాక్టరేటు చేసిన మనిషి, ఎలుక కనిపిస్తే కుర్చీ ఎక్కేవారు.

మేకలు రాత్రి సెల్లారులో పడుకుని పొద్దున్నే లిఫ్టులో పైకి వచ్చేవి. మెడలో ట్యాగు లేనిదే ఆ బిల్డింగులో ఎవరినీ రానివ్వరు. రూలు అంటే రూలేనని సార్ వాటికీ విజిటర్ ట్యాగులు వేయించారు. నల్లది తెల్లదాని ట్యాగు తినేసిన రోజు తెల్లదాన్ని లిఫ్టు దగ్గర ఆపేశారు. సార్ కిందికి వెళ్ళి, అది ఎవరో తనకు తెలుసునని పూచీపడి తీసుకొచ్చారు. ఆయన ల్యాప్‌టాప్ సంచీలో ల్యాప్‌టాప్ ఒక మూలకు ఒదిగి ఉండేది, మిగతాదంతా తుమ్మకాయలే. సెక్యూరిటీ అతను సంచీ తెరవమంటే, "తియ్యి, నువ్వు గూడ రెండు తిను" అనేవారు. విదేశం నుంచి ఫోన్ వచ్చినా "ఆఁ, చెప్పు బిడ్డా" అనే ఎత్తేవారు. అవతలివాళ్ళు అది మన దేశపు గుడ్ మార్నింగ్ అనుకుని తామూ నేర్చుకున్నారు.

ఎక్కడ జంట కనిపించినా ఆయన కాళ్ళు ఆగిపోయేవి. టీ బండి దగ్గర ఇద్దరు ఒకేసారి గ్లాసులో ఊదితే "కలిసిండ్రు". బైకు మలుపు తిరిగేటప్పుడు వెనకవాడు ముందువాడితో పాటు వంగకపోతే "కలువలే, పడ్తరు". మా ఆఫీసులో ఒకమ్మాయి పెళ్ళికార్డు ఇవ్వడానికి కాబోయేవాణ్ణి వెంటబెట్టుకొస్తే, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, కళ్ళజోడు పైకి తోసి చాలాసేపు చూశారు. "ఇంకా లేదు. మెల్లగ కలుస్తరు, ఫికర్ జెయ్యకుండ్రి" అన్నారు. ఆ అబ్బాయి ముఖం చూసి నాకు నవ్వాగలేదు.

మనుషుల సంగతి అంత బాగా చెప్పే మనిషికి చిక్కల్లా మేకలతోనే వచ్చింది. వాటి తలల మీద చిన్న బట్ట టోపీలు, టోపీల కింద జిగురుతో అంటించిన బిళ్ళలు, అక్కడి నుంచి తీగలు. తెర మీద తెల్లదానికో గీత, నల్లదానికో గీత. రెండు గీతలూ కలిసి లేచి కలిసి దిగితే మా పని పండినట్టు. ఆ మేకలేమో పక్కపక్కన నిలబెడితే చెరో గోడ చూసేవి. గీతలు ఎవరి దారిన అవి పోయేవి. అవి ఉద్యమం రోజులు. తెల్లది ఆంధ్రా మేక, నల్లది తెలంగాణ మేక, అందుకే పొత్తు కుదరడం లేదని కుర్రాళ్ళు జోకులేసుకునేవాళ్ళు. సార్‌కి ఒళ్ళు మండిపోయేది. "రెండూ షాద్‌నగర్ అంగడియే! ఒక్క తల్లి పిల్లలు గూడ అయ్యుండొచ్చు! మీ పంచాయితీ వాటికి అంటగట్టకుండ్రి" అని కేకలేసేవారు.

అసలు బాధ వేరే ఉంది. ఆ మేకలు మావి కావు. సార్ ఇంటి దగ్గర మటన్ కొట్టు నడిపే ఆయనవి, దసరాకు కోస్తానని మైసమ్మకు మొక్కినవి. చూడగానే సార్‌కి వాటి మీద మనసు పడింది. ఎంతకైనా కొంటానని బతిమాలారట. "మొక్కిన జీవాలను అమ్మరాదు సార్" అన్నాడు కొట్టాయన. "సదువు పని అంటున్నరు గద, అయ్యేదాక అమ్మ ఆగుతది. సదువు అయిపోయినంక ఒక్క దినం ఆగది." అదీ ఒప్పందం. మా ప్రాజెక్టు నడిచినన్నాళ్ళే వాటి ప్రాణాలు. అప్పుడప్పుడూ ఆయన మూడో అంతస్తుకు వచ్చి, టోపీలు పెట్టుకున్న మేకల నడుం మీద చెయ్యేసి నొక్కి చూసి, "మంచిగ బలిసినయ్ సార్" అని మెచ్చుకుని వెళ్ళేవాడు. ఆ మాట వినగానే సార్ కిటికీ దగ్గరికి పోయి బయటికి చూస్తూ నిలబడేవారు. బయట చూడటానికి ఇంకో అద్దాల బిల్డింగు తప్ప ఏమీ ఉండేది కాదు.

ఆ వానాకాలంలో విదేశం వాళ్ళు ఒక రోజు చెప్పారు. ఆ రోజు తెర మీద తాము చూస్తుండగా గీతలు కలవాలి. కలిస్తే ఇంకొన్నేళ్ళు నడిపిస్తారు, లేకపోతే అక్కడితో సరి. కాలెండర్ చూస్తే ఆ రోజు సరిగ్గా దసరా ముందు పడింది. సార్ ఆ పూట అన్నం తినలేదు.

బస్సులు, ఆటోలు లేని ఒక బంద్ రోజు నేను నిజాంపేట నుంచి నడిచి వచ్చాను. సగం దారిలో చెప్పు తెగింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకునే ఆఫీసులోకి అడుగుపెట్టాను. సార్ ఒక్కరే ఉన్నారు, మేకలకు టోపీలు తొడిగి తెర ముందు కూర్చుని.

"ఏంది బిడ్డా, నడ్సుకుంట వస్తివా?"

"మీ బంద్ పుణ్యమా అని, సార్."

"మా బంద్ ఏంది? నువ్వీ ఊర్ల ఉంటలేవా?"

"ఉండి ఏం లాభమండీ? ఊరిని ఇంత చేసింది మేము, నడుచుకుంటూ తిరిగేదీ మేమే!"

"ఓహో, ఊరు మీరు కట్టిండ్రా? కట్టినోడు సచ్చి నాన్నూరేండ్లాయె. మీరొచ్చి అద్దాలు బెట్టిండ్రు, గంతే!"

"ఆ అద్దాలు పెట్టకపోతే మీ మేకలు ఏ అంతస్తులో ఉండేవి సార్?"

"చెట్ల కింద ఉంటుండె. మంచిగ ఉంటుండె. సినిమాల సూడు, హీరో మీ లెక్క మాట్లాడుతడు, జోకర్‌గాడు మా లెక్క మాట్లాడుతడు. ఇన్నేండ్లు నవ్విండ్రు గద, జర మేం గూడ నవ్వుకుంటం!"

నేను చెప్పు ఆయన ముఖం ముందు ఊపుతూ ఏదో అనబోయాను. ఆయన చటుక్కున వేలెత్తి తెర చూపించారు. రెండు గీతలూ కలిసి లేస్తున్నాయి, కలిసి దిగుతున్నాయి. మేకలు గోడలు వదిలేశాయి. ఆయన మాట్లాడితే రెండు తలలూ ఆయన వైపు, నేను మాట్లాడితే రెండు తలలూ నా వైపు. మేం ఆగేసరికి ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి, తర్వాతేమిటన్నట్టు.

"ఆపకు బిడ్డా, తిట్టు!" అన్నారు సార్. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంకొకరైతే అప్పుడే మిఠాయి పంచేవారు. ఈయన అనుమానప్పక్షి. ఒకే గోల రెండూ విన్నాయి కనుక గీతలు కలిశాయేమో, అందులో గొప్పేముందని మేకల మధ్య పరదా కట్టించారు. వాటికి మేం కనిపిస్తాం, ఒకదానికొకటి కనిపించవు. గొంతులు పోయేదాకా కొట్లాడినా గీతలు కలవలేదు. పరదా తీయించారు. కలిశాయి. ఆనందం పట్టలేక ఒక తుమ్మకాయ తనే నోట్లో వేసుకున్నారు సార్. "కొట్లాటతోని కాదు బిడ్డా. పక్కకున్నది గూడ సూస్తున్నదని తెలుసుడే కలుపుతున్నది" అన్నారు నములుతూ. ఆయన చెప్పిన వాటిలో నేను పూర్తిగా నమ్మిన మాట అదొక్కటే.

ఇక రోజూ పదకొండు గంటల టీ కాగానే మా కొట్లాట. మీటింగుల కాలెండర్లో దానికో గది, ఒక టైము కేటాయించారు. పైవాళ్ళతో వేరే మీటింగు పడితే రాష్ట్ర విభజన మధ్యాహ్నానికి వాయిదా పడేది. నీళ్ళు, ఉద్యోగాలు, భాష, బిర్యానీ, ఏదీ వదల్లేదు. బయట అదే మాటకు రోడ్ల మీద టైర్లు కాలుతుంటే, మేం మేకల క్షేమం కోరి అరుచుకునేవాళ్ళం. అయ్యాక బాక్సులు విప్పేవాళ్ళం. ఆయన జొన్నరొట్టె సగం తుంచి నా మూతలో పెట్టేవారు, నేను గోంగూర పచ్చడి ఆయన మూతలో వేసేదాన్ని. గొంతు బొంగురుపోయిన ఇద్దరం మాట్లాడకుండా తినేవాళ్ళం.

అలా తింటున్నప్పుడే ఒకరోజు నా దిగులు చెప్పాను. రాష్ట్రం వస్తే గది ఖాళీ చేస్తారా అని మా ఇంటి ఓనరు నవ్వుతూనే అడుగుతోంది. నాన్నేమో రోజూ ఫోన్ చేసి వచ్చెయ్యమంటున్నాడు. ఉద్యోగం వదిలి పోవాలంటే నాకు ఏడుపొస్తోంది. సార్ రొట్టె పక్కన పెట్టారు.

"ఎవడన్న పొమ్మంటే నాకు ఫోన్ గొట్టు. నేనొచ్చి మాట్లాడత. ఈ ఊరు ఎవ్వని అయ్య జాగీర్ గాదు."

ఆ మాట నాకెంత ఆసరాగా ఉండేదో చెప్పలేను. రోడ్డు మీద ఎవరైనా నా యాస విని తిరిగి చూస్తే, ఫోన్లో ఆయన నంబరుందని గుర్తు తెచ్చుకునేదాన్ని.

దాంతో అసలుకే మోసం వచ్చింది. స్నేహం కుదిరాక కొట్లాట ఎక్కడి నుంచి వస్తుంది? మాటలు పాఠం అప్పజెప్పినట్టు తయారయ్యాయి. "ఇప్పుడు నువ్వు నీళ్ళ ముచ్చట తియ్యాలె" అని ఆయనే అందించేవారు. నేను తీసేదాన్ని, మధ్యలో నవ్వొచ్చేది. మేకలు మోసపోయేవి కావు. నటన మొదలైందో లేదో మళ్ళీ చెరో గోడ. "ఉత్తగ అంటే వాటికి ఎరుకైతది బిడ్డా. మనుషులను మోసం జెయ్యొచ్చు, వీటిని చెయ్యరాదు" అని సార్ తల పట్టుకునేవారు.

చెప్పిన రోజు రానే వచ్చింది. ఇంకో తెర మీద వీడియో కాల్‌లో విదేశం వాళ్ళు ముగ్గురు, అంతా రికార్డు చేస్తున్నారు. ఒకామె రొట్టెముక్క తింటోంది. పండగ దగ్గర పడిందని కొట్టాయన కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, చేతిలో పలుపుతాడు. మేం మొదలుపెట్టాం. నీళ్ళన్నాం, ఉద్యోగాలన్నాం. తెల్లది పడుకుంది. నల్లది గోడకేసి తిరిగి నెమరు వేస్తోంది. గీతలు ఎటుపడితే అటు. తెరలో రొట్టె తింటున్నామె మర్యాదగా, ఇక ఆపేద్దామా అంది. కొట్టాయన పలుపుతాడు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. సార్ ఆ తాడు చూశారు. తర్వాత నన్ను చూశారు.

"ఇగ చాలు మేడం" అన్నారు.

ఆయన నన్నెప్పుడూ మేడం అనలేదు.

"కిరాయి ఇంట్ల ఉండేటోల్లకు ఇంటి ముచ్చట ఎందుకు? మీ ఊరు మీకున్నది గద. సంచి సర్దుకొని పోండ్రి. మీరు పోతే ఇక్కడ ఏడ్సేటోడు ఎవడూ లేడు."

 ఎవరన్నా పొమ్మంటే ఎవరికి ఫోన్ చేయాలనుకున్నానో ఆయనే అన్నారు. తర్వాత నేనేమన్నానో సరిగ్గా గుర్తులేదు. మీరూ అందరిలాంటివారే అన్నాను. ఇన్నాళ్ళూ మీ రొట్టె తిన్నందుకు నాకు సిగ్గుగా ఉందన్నాను. ఆయన మధ్యలో మళ్ళీ ఏదో అంటున్నారు, నేను ఆగలేదు, ఏడుస్తూనే అరిచాను. గుర్తున్నది ఒకటే. మేకలు రెండూ లేచి నిలబడి, కదలకుండా నన్నే చూస్తున్నాయి. తెర మీద రెండు గీతలు ఒకే గీతలా ఉన్నాయి. విదేశం వాళ్ళు చప్పట్లు కొట్టారు. కొట్టాయన తాడు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

నేను బాక్సు తీసుకుని బయటికొచ్చేశాను. వెళ్ళొస్తానని చెప్పలేదు. మళ్ళీ ఆ మూడో అంతస్తు ఎక్కలేదు.

కొన్నాళ్ళకు రాయదుర్గంలో కొత్త ఉద్యోగం దొరికాక ఒకసారి టీ బండి దగ్గర ఎదురుపడ్డారు. సంచీలోంచి తుమ్మకాయలు బయటికి కనిపిస్తున్నాయి. "ఉత్తగనే అన్న బిడ్డా. మేకల కోసం" అన్నారు.

"ఉత్తగా అంటే మేకలకు తెలుస్తుందన్నది మీరే కదా సార్" అన్నాను. "ఆ రోజు గీతలు కలిశాయి."

 ఆయన కనిపెట్టిన సంగతే ఆయనకు అడ్డు నిలబడింది. టీ చల్లారిపోయేదాకా గ్లాసు అలాగే పట్టుకుని ఉన్నారు. నేను వచ్చేశాను.

తర్వాత రాష్ట్రం వచ్చింది. నన్నెవరూ పొమ్మనలేదు. ఇంటి ఓనరు లడ్డూ చేతిలో పెట్టి, ఆ చేత్తోనే అద్దె పెంచింది.

వాట్సాప్‌లో ఫోటో చూసిన మర్నాడు చేవెళ్ళ రోడ్డు మీదున్న ఆయన ఇంటికి వెళ్ళాను. వరండాలో సార్ భార్య, మంచం మీద సార్ అక్కగారు కూర్చుని ఉన్నారు. పక్కన పెరట్లో రెండు మేకలు చెరో దిక్కు చూస్తున్నాయి. నేనెవరో చెప్పబోతుంటే నా యాస వినగానే సార్ భార్య గుర్తుపట్టేసింది.

"కొట్లాట పిల్లవు నువ్వేనా?"

అవునన్నాను. పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ పాత మేకలు ఏమయ్యాయని అడిగాను.

"సదువు నడ్సుకుంటనే పోయింది బిడ్డా, అవి ముసలియి అయినయ్. అమ్మకు ముసలియి ఇయ్యరాదని కొట్టాయన వేరేటియి ఇచ్చిండు. అవి ఇక్కడ్నే నిమ్మలంగ బతికి సచ్చిపోయినయ్. ఇవి మల్ల తెచ్చుకున్నడు. రెండు లేకుంటె ఆయనకు తోచది. నన్ను గూడ కొట్లాడమనెటోడు. నాకు రాదు. ఆ పిల్ల లెక్క నీకు రాదు తియ్యి అనెటోడు."

నేను నవ్వాలని చూశాను, కుదరలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆ దినం వీడియో ఎన్నిసార్లు సూసిండో లెక్కలేదు. ఒకనాడు నన్ను పిలిచి చూపెట్టిండు. ‘అగో, నేను మాట్లాడుతుంటె గూడ నా దిక్కు తిరుగుతలేవు. ఎప్పుడు మంచిగ కొట్లాడినా రెండు దిక్కులా చూసెటివి. ఆ దినం రెండూ ఆ పిల్లనే సూసినయ్. నిజమైన కోపం ఆమెది. నాది ఉత్తదని వాటికి ఎరుకనే’ అన్నడు."

"మరి ఒక్క ఫోన్ చేసి చెప్పొచ్చు కదండీ!"

"నేను గూడ అదే అన్న. మేకల సాక్ష్యం పట్టుకొని పోతె ఏ ఆడపిల్ల నమ్ముతది అన్నడు. సిగ్గుపడ్డడు."

నేను నమ్మేదాన్ని. మేకల సాక్ష్యమైతే తప్పకుండా నమ్మేదాన్ని. అక్కడే కూర్చుని పమిటతో ముఖం కప్పుకుని ఏడ్చాను. ఆయన కోసం ఏడ్చానో, జొన్నరొట్టె లేని అన్నేళ్ళ కోసం ఏడ్చానో నాకే తెలియదు.

పొద్దు వాలుతుంటే లేచాను. గుమ్మం దాటుతూ అలవాటుకొద్దీ, "వెళ్ళొస్తానండి" అనేశాను. చావింట్లో ఆ మాట అనకూడదు. చెప్పకుండా లేచి పోవాలి. నాలుక కరుచుకున్నాను.

మంచం మీద నుంచి అక్కగారు లేచింది. "ఏందే పిల్లా, సావింట్ల గట్లంటరా? మల్ల ఎందుకొస్తవ్?"

"అంటె ఏమైతది వదినె?" అంది సార్ భార్య.

"అనరాదు! పద్ధతి ఉన్నది!"

"ఒకపారి పొమ్మంటెనే పదేండ్లు రాకపాయె. ఇప్పుడు ఆమె నోటితోని వస్తనంటె నువ్వు ఒద్దంటవా?"

"నేను ఒద్దంటున్ననా? గిసుంటి ఇంట్ల గామాట ఎత్తరాదంటున్న!"

"ఎత్తనియ్యి! వస్త అన్నది, వస్తది! నా ఇంటికి ఎవరు రావాల్నో నువ్వు చెప్తవా?"

కొట్లాట రాదన్న మనిషి గొంతు వీధి చివరిదాకా వినిపిస్తోంది. పెరట్లో మేకలు దిక్కులు చూడటం మానేశాయి. అక్కగారు అరిస్తే రెండు తలలూ అటు, సార్ భార్య అరిస్తే రెండు తలలూ ఇటు. టోపీలు లేవు, తీగలు లేవు, తెర లేదు. అయినా నాకు గీతలు కనిపించాయి.

"కలిసినయ్" అన్నాను. సార్ కూడా చూస్తున్నారా అని పక్కకు తిరిగాను.